దొరగారి ఎడమ దవడ

మార్చి 4, మంగళవారం

దొర నోరు కంపు కొడుతోంది. చాన్నాళ్ళుగా కొడుతూనే ఉంది, నేను ఇవాళ ఒప్పుకున్నాను. ముందుగదిలో ఓ కట్టుడు పళ్ళ సెట్టుకి పాలిష్ పెడుతుంటే వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది. మెరుగు పెట్టే లేథు చక్రం ఆపి కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అది ఒక అడుగు ముందుకు జరిగింది. సిగ్గూ ఎగ్గూ లేని కుక్క.

పై పెదవి ఎత్తి చూశాను. ఊళ్ళోవాళ్ళ పళ్ళ అచ్చులు చూసుకుంటూ బతికేదాన్ని, ఇంట్లో ఉన్న నోరు తెరిచి చూడడం ఇదే మొదటిసారి. ఎడమ పక్క దవడ పళ్ళ మీద గార పెంకులు కట్టింది. చిగురు వాచి ఎర్రగా ఉంది, వేలు తగిలితే రక్తం. కుడి పక్క చూస్తే ఆశ్చర్యం. కాస్త పసుపు పట్టిందిగానీ పళ్ళు గట్టిగా ఉన్నాయి, చిగురూ పరవాలేదు. ఒకే నోట్లో ఇంత తేడా ఎందుకు? మనుషుల్లో అయితే ఎప్పుడూ ఒక పక్కే నమిలేవాళ్ళకి ఇలా అవుతుంది. దీనికి అసలు నమిలే పనేముంది? మామయ్య కోసం మెత్తగా పిసికిన అన్నంలోంచే దీనికీ ఇంత తీసి పెడుతున్నాను.

ఇప్పుడు ఆ అన్నం కూడా సగం వదిలేస్తోంది. మామయ్య మంచం మీంచే చూసి, "పంటి నొప్పి అమ్మాయ్ వాడికి. నాలాగా అన్నీ పీకించుకుని గ్లాసులో వేసుకోమను" అన్నారు. ఆయన పళ్ళు నేనే చేశాను. కొడుకు పోయిన దగ్గర్నుంచి అవి గ్లాసులోనే ఉన్నాయి. వదులయ్యాయట.

మా ఆయన ఉంటే ఇదంతా తనే చూసుకునేవారు. కుక్క ఆయనది. నాకు అంటగట్టి పోయారు, అంతే.

మార్చి 5, బుధవారం

కుక్కల డాక్టరమ్మకి నా మేనకోడలి వయసుంటుంది. చెయ్యి మాత్రం నెమ్మది. దొర కూడా ఆవిడ ముందు బుద్ధిమంతుడిలా కూర్చుంది. దాని ఛాతీ మీద గొట్టం పెట్టి ఆవిడ చాలాసేపు విన్నది. అంతసేపు వింటే మంచి మాట రాదని నాకు తెలుసు, ఆసుపత్రుల్లో నేర్చుకున్నాను.

"ఎడమ పక్క నాలుగు పళ్ళు తీసేయాల్సిన పరిస్థితి మేడమ్. తీయాలంటే మత్తివ్వాలి. గుండె చప్పుడు నాకు నచ్చలేదు. మత్తిస్తే లేవకపోవచ్చు."

"తీయకపోతే?"

"ఆ చీము ఊరికే ఉండదు. మెల్లిగా గుండెకే చేటు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైపై పెంకుల్ని చేత్తోనే గీకి లేపేసింది. మందులు రాసింది. వచ్చే నెల మొదట్లో మళ్ళీ చూస్తుందట. చిగురు గట్టిపడితే సరే, లేకపోతే ఆ రోజే తేల్చుకోవాలి.

వచ్చేస్తుంటే అడిగింది, ఇది ఎముకలేమైనా నమిలేదా అని.

"మా ఇంట్లో పచ్చి మాంసం అడుగు పెట్టదండీ" అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆ అమ్మాయి కుడి పక్క పెదవి మళ్ళీ ఎత్తింది. "ఈ పక్క చూస్తే అలా లేదే. ఈ అరుగుదల అన్నం తింటే వచ్చేది కాదు."

నాకూ అదే అనిపించింది, పైకి అనలేదు. వాపు తగ్గాక వారానికోసారి మాంసం అంటిపెట్టుకున్న పచ్చి బొమిక ఇచ్చి చూడమంది. చీల్చుకుని తింటుంటే పళ్ళ మీద కొత్తగా గార పేరుకోదట. "బొమికే మందని నేను అనను. ఒక్కోసారి పన్ను విరుగుతుంది, గొంతుకి అడ్డం పడుతుంది. వండినవి అసలు వద్దు, ముళ్ళలా చీలిపోతాయి. తింటున్నంతసేపూ పక్కన మనిషి ఉండాలి."

పచ్చి మాంసం. పెళ్ళయిన కొత్తలో ఆయన ఓసారి తెచ్చారు. ఆ వాసనకి కడుపులో ఉన్నదంతా కక్కుకుని, ఇంకోసారి ఇది గుమ్మం దాటి లోపలికొస్తే నేను గుమ్మం దాటి బయటికి పోతానన్నాను. అంతే, మళ్ళీ తేలేదు. నా మాటంటే ఆయనకి అంత విలువ.

మార్చి 6

మాత్ర నోట్లో పెడితే నా వేలు కరవబోయి మానుకుంది. మర్యాద తెలిసిన కుక్క.

మార్చి 8, శనివారం

రెండు పక్కల సంగతి బుర్రలోంచి పోవడం లేదు. ఇవాళ ఒక పని చేశాను. బయటికి తెలిస్తే నవ్వుతారు. పళ్ళ కొలతకి వాడే మైనం రేకు కాస్త వేడిచేసి, మెత్తబడ్డాక దొర నోట్లో పెట్టి, "కొరుకు" అన్నాను. మనుషులు చెప్పగానే కొరుకుతారు. ఇది నా మొహంలోకి చూస్తూ సగం మైనం మింగేసింది. మిగిలిన సగం లాక్కుని దీపం కింద పెట్టి చూస్తే, కుడి పక్క గాట్లు లోతుగా పడ్డాయి. ఎడమ పక్క గోరుతో గీసినట్టుంది.

ఎడమ పక్క నొప్పి కాబట్టి కొరకలేదు, అది సరే. కుడి పక్క ఆ అరుగుదల ఎప్పటిది? కోర పన్ను వెనకాల పెద్ద పన్ను అంచు నున్నగా అరిగింది. అలాంటి పన్ను మనిషి నోట్లో చూస్తే, ఈయన చాలా ఏళ్ళుగా ఒకే పక్క ఏదో గట్టిది కొరుకుతున్నాడని కళ్ళు మూసుకుని చెబుతాను. ఏం కొరికింది ఇది? నా కుర్చీ కాళ్ళు బాగానే ఉన్నాయి. చెప్పులూ బాగానే ఉన్నాయి.

రేపు ఆదివారం. ఆదివారం పొద్దున ఆయన దొర పట్టీ గుమ్మం పక్క మేకు మీంచి తీసుకుని, దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఎడమచేతి వాటం మనిషి, ఆ మేకు తనకి అనువుగా కొట్టుకున్నారు. నేను పట్టీ తీయాలంటే ఇప్పటికీ ఒళ్ళంతా తిప్పాలి. తిరిగొచ్చి కాసేపు మేడ మీద కూర్చుని, అక్కడి కుళాయి దగ్గరే నా పనిగది సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని కిందికొచ్చేవారు. ఆదివారం అంటే ఆ సబ్బు వాసనే నాకు. అంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు.

కళ్ళలో పాలిష్ పొడి పడింది.

మార్చి 9, ఆదివారం

మందు పని చేసింది, వాపు తగ్గింది. మాంసం కొట్టుకి నేను వెళ్ళలేనని మామయ్యని అడిగాను. కాళ్ళ నొప్పులని వీధి గుమ్మం దాకా కూడా రాని మనిషి, చొక్కా తొడుక్కుని చెప్పులేసుకుని బయల్దేరారు. ఎక్కడుందో కొట్టు అని కూడా అడగలేదు. నాకు ఆశ్చర్యం వేసింది.

జానెడు పైన పొడుగున్న మెడ బొమిక తెచ్చారు. రెండు జతల చేతి తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, పనిబల్ల మీద పెట్టి చూశాను. అంచులన్నీ మొనలు. ఇది గుచ్చుకోదూ చిగుళ్ళకి? కట్టుడు పళ్ళలో ఇసుకంత గరుకున్నా నోరు పుండవుతుందని మా పనిలో మొదట నేర్పేది అదే. సన్న రంపంతో కోసి, నోట్లో పట్టేంత ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ లేథు మీద పెట్టి అంచులు నున్నగా పాలిష్ పట్టాను. పొద్దుటి పూటంతా దానికే పోయింది. చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి.

దొర దగ్గరికొచ్చి వాసన చూసింది. తుమ్మింది. ఇంకోసారి వాసన చూసి మళ్ళీ తుమ్మి, వెళ్ళి తలుపు వెనకాల పడుకుంది.

మామయ్య నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ, బోసి నోటితో, ఊపిరాడనట్టు నవ్వారు. ఆయన నవ్వు విని ఎన్నాళ్ళయిందో. "బొమికలకి కూడా మెరుగు పెట్టావా తల్లీ. పేరు కూడా చెక్కాల్సింది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పనిగది అంతా పచ్చి వాసన, లేథు మీద కొవ్వు. ఒక్కతే కూర్చుని తుడుచుకున్నాను. ఇంత చేస్తే తుమ్ముతుందా?

మార్చి 10

లేథు ఇంకా వాసనే.

మార్చి 12, బుధవారం

మళ్ళీ తిండి దగ్గర అదే తంతు. గిన్నె నాకి వదిలేసింది. ఎముకలు బయటపడుతున్నాయి, వీపు మీద చెయ్యి వేస్తే తెలుస్తోంది. మత్తిస్తే లేవకపోవచ్చు అన్న మాట పళ్ళు కడుగుతుంటే వినిపిస్తోంది, పాలిష్ పెడుతుంటే వినిపిస్తోంది. పోతే పోనీ అనుకుందామని చూశాను. నా కుక్క కాదుగా. అనుకోలేకపోయాను.

మార్చి 15, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

నేనే వెళ్ళాను, దొరని తీసుకుని. మామయ్యని దారి అడగడానికి అహం అడ్డొచ్చింది. వీధి చివర నేను ఎడమకి తిరగబోతే దొర కుడికి లాగింది. పట్టీ బిగించినా వినలేదు. ఇస్త్రీ బండి పక్కనుంచి, నేనెప్పుడూ వెళ్ళని సందులోకి, తలెత్తి చూడకుండా తీసుకెళ్ళింది. మాంసం కొట్టు ముందు మెట్టు మీద సరిగ్గా ఒక మూల చూసుకుని కూర్చుంది. ఆ మూల రాయి కాస్త నున్నగా ఉంది.

కొట్టాయన కత్తి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "మొన్న పెద్దాయన చెప్పారమ్మా సారు సంగతి. నేను నమ్మలేదు. ఇల్లు మారారనుకుంటున్నాను ఇన్నాళ్ళూ." తర్వాత కిందికి వంగి, "ఏరా దొరా" అన్నాడు. పేరుతో పిలిచాడు. దొర తోక నేలకేసి కొట్టింది.

"ఎప్పుడూ ఇచ్చేదే ఇవ్వనా అమ్మా?"

"ఎప్పుడూ ఇచ్చేదంటే?"

"ఆదివారం ఆదివారం సారు పట్టుకెళ్ళేదే. మెడ బొమిక, పొడుగ్గా. ముక్కలు కొడితే ఒప్పుకునేవారు కాదు. చిన్నవైతే మింగేస్తాడు, పెద్దదైతే చీల్చుకుని తింటాడు, పళ్ళకి మంచిది అనేవారు."

"నిజమేనా అది?"

"కుక్కల పళ్ళ గురించి నాకేం తెలుసమ్మా. ఆయన అడిగినట్టు కోసిచ్చేవాణ్ణి."

ఎప్పట్నుంచని అడిగాను. ఇది చంకలో పట్టేంత ఉన్నప్పట్నుంచి అన్నాడు.

చంకలో పట్టేంత. అంటే దాని వయసంతా. అన్ని ఆదివారాలూ. పొట్లం చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను, ముక్కు కూడా మూసుకోలేదు, అంత కోపంలో ఉన్నాను. మేడ మీద, నా నెత్తి మీద, నేను కింద కాఫీ తాగుతుంటే. ఆ సబ్బు. శుభ్రం అనుకున్నాను నేను. వాసన పోగొట్టుకోవడానికి తోముకున్నాడు ఆ మహానుభావుడు.

ఇంకేం దాచారో.

మార్చి 16, ఆదివారం

మామయ్యని నిలదీశాను. ఆయన మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నారు, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా.

"మీకు తెలుసు."

"తెలుసమ్మా."

"కుక్క తిండి మానేసి, పళ్ళు పాడై, చచ్చిపోతుందేమో అని డాక్టరు చెబితే కూడా నోరు విప్పలేదు మీరు."

"బొమిక తెమ్మన్నావు, పరిగెత్తుకెళ్ళి తెచ్చానా లేదా?"

"నన్ను మోసం చేశారు, తండ్రీ కొడుకులు కలిసి."

ఆయన చేతులు చూసుకోవడం ఆపి తలెత్తారు. తర్వాత అన్నారు. "మా వాడు నాతో ఒట్టేయించుకున్నాడు. నీకు వాసన పడదు, వీడికి బొమిక కావాలి, ఇద్దర్నీ బాధ పెట్టడం వాడికి ఇష్టం లేదు. నీకు చెబితే వాడి మీద కోపం తెచ్చుకుంటావని నేనే ఆగాను. బతికున్నవాడి మీదైతే అరుస్తావు, వాడు సర్దుకుంటాడు, అయిపోతుంది. ఇప్పుడు కోపం వస్తే ఎవరితో పోట్లాడతావు తల్లీ?"

మీతో, అన్నాను. సరే నాతోనే పోట్లాడు అన్నారు. లేచి వెళ్ళి నిన్నటి పొట్లం విప్పాను.

బొమిక దొర ముందు పెట్టాను, కొయ్యకుండా, పొడుగ్గా. వాసన చూసింది, ఈసారి తుమ్మలేదు. నోట కరుచుకుని మేడ మెట్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తలుపు తీశాను. పైకెళ్ళి పిట్టగోడ గట్టు దగ్గర బొమిక కింద పెట్టి, దాని ముందు కూర్చుని, మెట్ల వైపు చూస్తూ ఉండిపోయింది. తినలేదు. ఎండ పైకొచ్చేదాకా అలాగే కూర్చుంది. బొమిక తీసి పారేయాల్సి వచ్చింది.

మార్చి 17

పని ఎక్కువగా ఉంది. రాయడానికేమీ లేదు.

మార్చి 18

రాయడానికేమీ లేదు.

మార్చి 20, గురువారం

మైనం ముక్క మళ్ళీ తీసి చూశాను. అరుగుదల కుడి పక్క. ఎప్పుడూ కుడి పక్కే ఎందుకు? బొమిక నేల మీద పెట్టి కాళ్ళతో నొక్కిపట్టుకుని తినే కుక్క రెండు పక్కలా మారుస్తుంది. సందు చివర కుక్కల్ని కాసేపు నిలబడి చూశాను కూడా. ఇస్త్రీ బండి ఆవిడ నన్ను వింతగా చూసింది. అవి మార్చి మార్చి తింటున్నాయి. దొర ఒక పక్కే తిన్నదంటే బొమిక కదలకుండా ఎప్పుడూ ఒకే చోట ఉండాలి.

మామయ్యని అడిగాను, ఎలా తినిపించేవారని.

"ఎలా ఏముంది, ఎదురుగా కూర్చుని ఒక కొస వాడు పట్టుకునేవాడు, రెండో కొస వీడు. మింగేస్తాడని భయం వాడికి. ఇద్దరూ లాక్కునేవాళ్ళు."

ఏ చేత్తో అని అడగలేదు. మేకు వైపు చూశాను. ఎదురుగా కూర్చుని ఎడమ చెయ్యి చాపితే అది దొరకి కుడి పక్క.

అయితే ఆ పళ్ళు బొమిక ఒక్కటే అరగదీసినవి కాదు. ఆయన చెయ్యి కూడా ఉంది అందులో. ఆదివారం వెంట ఆదివారం, ఒకే పక్కన. ఆయన పోయాక ఆయన చేత్తో చేసింది ఈ ఇంట్లో ఏముందా అని బీరువాలన్నీ వెతికాను, ఓ మేకు తప్ప ఏమీ దొరకలేదు. నేను వెతికింది కుక్క నోట్లో ఉంది.

పాలిష్ పొడి కాదు. ఇవాళ లేథు వెయ్యనే లేదు. ఏడ్చాను.

మార్చి 23, ఆదివారం

పొద్దున్నే కొట్టుకెళ్ళి తెచ్చాం. మేడ మీద గట్టుకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, రెండు జతల తొడుగులతో. కొస పట్టుకుని చాపాను. దొర ముక్కు దగ్గరికి తెచ్చి, తొడుగుల వాసన చూసి తుమ్మింది. నా మొహంలోకి చూసింది. నేనూ చూశాను. ఇద్దరం కాసేపు మొండికేశాం.

తొడుగులు తీసేశాను.

చల్లగా, జిగటగా ఉంది. ఊపిరి బిగబట్టి, మొహం పక్కకి తిప్పుకుని కుడి చేత్తో పట్టుకున్నాను. దొర లేచి నా రెండో పక్కకి వచ్చింది, ఎడమ చెయ్యి ఉండాల్సిన చోటికి. అక్కడ చెయ్యి లేదు. మళ్ళీ ఇటొచ్చింది. తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. చివరికి ఎడమ పక్క పళ్ళతో మెల్లిగా, అడిగి తీసుకుంటున్నట్టు పట్టుకుంది. మాత్రల రోజు కూడా చెయ్యనంత జాగ్రత్తగా. తర్వాత లాగింది.

అబ్బ, ఏం బలం. భుజం ఊడొచ్చేలా లాగింది. నేనూ లాగాను. మాంసం పీలికలుగా చీలుతుంటే ఆ చప్పుడు, ఆ గుర్రు, దాని కళ్ళలో వెలుగు. వాసన సంగతి ఎప్పుడు మర్చిపోయానో తెలియదు. మామయ్య మెట్ల మీద కూర్చుని, "గట్టిగా పట్టుకో అమ్మాయ్, వాడు దొంగ" అని అరుస్తున్నారు. ఆ మెట్లు ఎక్కి ఎలా వచ్చారో.

తర్వాత మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాను. కిందికొచ్చి చేతులు వాసన చూసుకున్నాను. ఆదివారం వాసన.

మార్చి 24

భుజం నొప్పి. దొర గిన్నె ఖాళీ చేశాడు.

మార్చి 30, ఆదివారం

ఇవాళ లాగుతుంటే దొర ఒక్కసారి ఆగి నాలుక తిప్పుకున్నాడు. బొమిక మీద మాంసంలో వాడి పన్ను ఇరుక్కుని ఉంది. విరిగిందా? కడిగి పనిబల్ల మీద దీపం కింద పెట్టి చూశాను. విరగలేదు, వేరుతో సహా వచ్చింది. నాలుగింట్లో మరీ పాడైనది. వేరు చుట్టూ ఏమీ మిగల్లేదు, పాపం ఎన్నాళ్ళు మోశాడో. చిగురులోంచి రెండు చుక్కలు రక్తం వచ్చి ఆగిపోయింది. వీడేమో తోక ఊపుతూ మిగతా బొమిక ఏదని చూస్తున్నాడు.

మామయ్య ఆ పన్ను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "వీడు కొరుకుతుంటే చూసి చూసి నాకూ నోరు ఊరుతోంది. గ్లాసు ఇలా ఇయ్యి" అన్నారు. పళ్ళు పెట్టుకుంటే నిజంగానే వదులయ్యాయి, మాట్లాడితే టకటకమంటున్నాయి. మొహం చిక్కిపోయింది కదా. లోపలి వైపు కొత్తగా పొర పోసి సరిచేస్తానన్నాను. ఇక మీదట అన్నం పిసకొద్దని ఆయన హుకుం.

ఏప్రిల్ 2, బుధవారం

డాక్టరమ్మ దగ్గర. ఎడమ పెదవి ఎత్తి, ప్రతి పంటినీ వేలితో కదిపి చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ భయం వేసింది.

"మూడూ గట్టిగా ఉన్నాయి మేడమ్. చిగురు పట్టుకుంది. మత్తు అక్కర్లేదు ఇప్పటికి."

నేను ఏం అన్నానో గుర్తు లేదు. దొర మెడ పట్టుకున్నట్టు గుర్తు.

"గుండె మాత్రం అలాగే ఉంది. అది మన చేతుల్లో లేదు" అంది. తెలుసన్నాను. తర్వాత కుడి పక్క చూసి, "ఇటు మాత్రం కొత్తగా గార మొదలైంది. ఈ మధ్య ఈ పక్క వాడడం లేదా ఏంటి? ఇన్నాళ్ళూ ఇదే కదా బాగున్నది" అంది.

ఇంటికొచ్చి ఆ మాటే ఆలోచిస్తున్నాను. ఎడమ పక్క నేను చూసుకున్నాను. కుడి పక్క ఆయనది. అది పాడవకూడదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇవాళ ఎడమ చేత్తో పట్టుకున్నాను. పట్టు చిక్కడం లేదు, రెండుసార్లు జారి దొర లాక్కుపోయాడు. వాడే తిరిగి తెచ్చి నా ఎడమ చేతిలో పెట్టాడు. నేర్చుకుంటాను.